గండి పడకముందే: మట్టి కట్టల విశేషాలు

చెరువు కట్ట మీద నడవని తెలుగువాళ్లు అరుదు. ఆ కట్ట గట్టిగా ఉందో లేదో ఎలా తేలుస్తారో తెలిసినవాళ్లు ఇంకా అరుదు. వరద నీటిని కొన్నాళ్లు పట్టి ఉంచి మెల్లగా వదలడానికే కట్టిన మట్టి డ్యాములు లోకంలో వేలకు వేలున్నాయి. వాటిని కట్టిన తీరులోనూ పరీక్షించే తీరులోనూ మన ఊరి చెరువుకూ పనికొచ్చే సంగతులెన్నో ఉన్నాయి.

గేట్లే లేని డ్యాములు

1913 మార్చిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేటన్ నగరం, దాని చుట్టుపక్కల ఊళ్లు వరదలో మునిగాయి. 360 మందికి పైగా చనిపోయారు. అలాంటిది మళ్లీ జరగకూడదని అక్కడి జనం చందాలు వేసుకుని ఆర్థర్ మోర్గన్ అనే ఇంజినీరును పిలిపించారు. ఆయన ప్రణాళిక ప్రకారం 1922 నాటికి అయిదు మట్టి డ్యాములు లేచాయి. వీటికి గేట్లు లేవు. అడుగున కాంక్రీటు తూములు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మామూలు రోజుల్లో నది వాటిగుండా పారుతుంది, డ్యాము వెనక నేలలో పంటలు పండుతాయి. వరదొస్తే తూము పట్టగలిగినంత నీరే కిందికి పోతుంది, మిగిలింది వెనక నిలిచి తర్వాత మెల్లగా దిగిపోతుంది. కరెంటు అక్కర్లేదు, అర్ధరాత్రి గేటెత్తే మనిషి అక్కర్లేదు. 1913 నాటి వరద కంటే 40 శాతం ఎక్కువొచ్చినా తట్టుకునేలా వీటిని రూపొందించారు.

ఒక్క వాగుతో మొదలై 11,800 దాటాయి

మోర్గన్ డ్యాములు పెద్దవి. చిన్నవాటి కథ ఓక్లహోమా రాష్ట్రంలో మొదలైంది. 1944లో అమెరికా చట్టసభ ఒక వరద నివారణ చట్టం చేసింది. దాని కింద 1948లో అక్కడి క్లౌడ్ క్రీక్ అనే వాగు మీద మొదటి చిన్న డ్యాము కట్టారు. పెద్ద నది మీద ఒక మహా ఆనకట్ట కట్టడం కంటే పైనున్న పిల్లవాగుల మీద చిన్న కట్టలు వేస్తే, పొలం మట్టీ ఊళ్లూ రెండూ నిలుస్తాయన్నది ఆలోచన. నేడు అలాంటివి 47 రాష్ట్రాల్లో 11,800కు పైగా ఉన్నాయి. ఒక్క ఓక్లహోమాలోనే 2,100 పైచిలుకు. చాలావాటిని 50 ఏళ్ల ఆయుష్షు లెక్కేసి కట్టారు. వాటిలో ఎక్కువ భాగానికి ఆ గడువు ఇప్పటికే దాటిపోయింది.

కట్ట కదల్లేదు, ఇళ్లే దగ్గరికొచ్చాయి

ఈ కట్టల్లో చాలావాటికి కట్టిననాడు దిగువన పొలాలే. తెగినా పంటే పోతుంది, ప్రాణం పోదు అనుకుని ఆ మేరకే బలంగా కట్టారు. తర్వాత పట్టణాలు పెరిగాయి, పొలాలు ప్లాట్లయ్యాయి. కట్టలో ఒక్క పెళ్ల కదలకపోయినా ప్రమాదం మాత్రం అనేక రెట్లు పెరిగింది. అందుకే అక్కడ 2000లో పాత కట్టల పునరుద్ధరణకు ప్రత్యేకంగా చట్టం చేశారు. కట్టను పరీక్షించే ఇంజినీరు కట్టతో పాటు దిగువ ఊరి పటాన్ని కూడా ఎప్పటికప్పుడు కొత్తగా చూడాలన్నది ఇక్కడి పాఠం. మన హైదరాబాద్, విజయవాడ శివార్లలో చెరువుల కింద ఇళ్లు లేచిన తీరు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ముప్పు వేరు, బలహీనత వేరు

డ్యాముకు ‘హై హజార్డ్’ అన్న ముద్ర పడగానే అది కూలబోతోందని జనం భయపడతారు. నిజానికి ఆ ముద్రకూ కట్ట ఆరోగ్యానికీ సంబంధం లేదు. ఒకవేళ తెగితే కింద ప్రాణాలు పోతాయా అన్నదొక్కటే అక్కడి ప్రశ్న. పోతాయంటే, నిన్ననే కట్టిన ఉక్కులాంటి కట్టైనా హై హజార్డే. కట్ట ఎంత బాగుందన్నది విడిగా లెక్కేస్తారు. రెండూ కలిపి చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. కింద ఊరుండి, కట్ట కూడా బాగాలేకపోతే డబ్బు ముందుగా అక్కడే ఖర్చు పెట్టాలి.

చిన్న కట్టే ఎక్కువమందిని తీసుకుపోయింది

1976 జూన్ 5న అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో టీటన్ డ్యాము తెగింది. ఎత్తు దాదాపు 93 మీటర్లు. 11 మంది చనిపోయారు. మరుసటి ఏడాది నవంబరు 6న జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ అనే చిన్న మట్టి డ్యాము తెగింది. ఎత్తు దాదాపు 12 మీటర్లు. టీటన్‌లో నిలిచిన నీరు దీనికంటే వందల రెట్లు ఎక్కువ. అయినా ఇక్కడ 39 మంది చనిపోయారు. తేడా ఎక్కడుంది? టీటన్ పట్టపగలు తెగింది. ఉదయమే ఊట కనిపించడంతో జనాన్ని ముందే హెచ్చరించారు. కెల్లీ బార్న్స్ అర్ధరాత్రి దాటాక, జనం నిద్రలో ఉండగా తెగింది. ఆ దుర్ఘటన తర్వాత అధ్యక్షుడు కార్టర్ ఆదేశంతో దేశమంతటా దాదాపు 8,800 డ్యాములను తనిఖీ చేశారు. వాటిలో సుమారు మూడో వంతు సురక్షితం కావని తేలింది.

రెండే పెద్ద శత్రువులు

పెద్ద మట్టి డ్యాముల వైఫల్యాలను పరిశోధకులు లెక్క తీస్తే, దాదాపు సగం నీరు కట్ట మీదుగా పొర్లడం వల్ల, ఇంచుమించు మరో సగం కట్ట లోపల బుంగ పడి మట్టి కొట్టుకుపోవడం వల్ల జరిగినట్టు తేలింది. భూకంపాలు, కట్ట వాలు జారిపోవడం లాంటి మిగతా కారణాలన్నీ కలిపినా కొద్ది భాగమే. కాబట్టి పరీక్షలో మొదటి ప్రశ్నలు రెండు. అలుగు వరదను మోయగలదా? కట్ట లోంచి వచ్చే నీరు మట్టిని మోసుకొస్తోందా?

ఊట తప్పు కాదు, బురద ఊట ప్రమాదం

చెమ్మగిల్లని మట్టి కట్ట ఉండదు. నీరు నెమ్మదిగా ఇంకి అవతలి పాదం దగ్గర తేలడం సహజం. ఆ నీరు తేటగా, ఎప్పటిలా వస్తుంటే భయం లేదు. బురదగా మారినా, చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగినా లోపల మట్టి కదులుతోందని అర్థం. ఇది కనిపెట్టడానికి ఇంజినీర్లు వాడే పరికరం ఎంతో తేలిక. ‘వి’ ఆకారంలో కోసిన పలకను ఊట కాలువకు అడ్డంగా పెడతారు. ఆ కోతలో నీరు ఎంత ఎత్తున పారుతోందో చూస్తే ఎంత నీరు కారుతోందో లెక్క తెలుస్తుంది. ఆ అంకెను చెరువు మట్టంతో కలిపి ఏళ్ల తరబడి రాసుకుంటూ పోతే పుస్తకమే హెచ్చరిస్తుంది. కట్ట లోపల నీటి ఒత్తిడి కొలవడానికి పీజోమీటర్లనే గొట్టాలు దింపుతారు.

1369లోనే లోపాల జాబితా

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, చెరువుకు రాకూడని ఆరు దోషాలనూ ఆ శాసనంలో చెక్కించాడు. దోషాల్లో కట్ట నుంచి నీరు కారడం ఒకటి, చవిటి నేల ఒకటి, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం మరొకటి. నేటి ఇంజినీరు తనిఖీ పత్రంలోనూ ఊట, నేల స్వభావం, నీటి రాబడి లెక్క తప్పనిసరిగా ఉంటాయి. ఆరున్నర శతాబ్దాల కిందట మన నేల మీదే ఆ పత్రం రాతిలో తయారైంది.

గ్లాసు నీళ్లలో మట్టి పరీక్ష

చవిటి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఓక్లహోమా, మిసిసిపీ రాష్ట్రాల్లో కొన్ని చిన్న కట్టలు బంకమట్టితో బాగానే కట్టినా బుంగలు పడి తెగాయి. షెరార్డ్ అనే ఇంజినీరు, ఆయన సహచరులు 1970ల్లో కారణం తేల్చారు. సోడియం ఎక్కువగా ఉన్న కొన్ని బంకమట్టులు నీరు తగలగానే పొడిపొడిగా విడిపోయి నీళ్లలో తేలిపోతాయి. దీన్ని పట్టడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. చిన్న మట్టి ముద్దను స్వేదనజలంలో వేసి కాసేపు కదపకుండా ఉంచుతారు. ముద్ద చుట్టూ మబ్బులా మడ్డి పాకిందంటే ఆ మట్టిని నమ్మకూడదు. దానికంటే గట్టి పరీక్షలో మట్టి ముక్కకు 1 మిల్లీమీటరు రంధ్రం చేసి దానిగుండా నీరు పంపుతారు. రంధ్రం పెద్దదై నీరు మురికిగా వస్తే ఆ మట్టి పనికిరాదు. సున్నం లేదా జిప్సం కలిపి కొంతవరకు బాగుచేయొచ్చు.

తడి సరిపోతేనే గట్టి

మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా తడి సరిగ్గా లేకపోతే గట్టిపడదు. మరీ పొడిగా ఉంటే కణాల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి, మరీ తడిగా ఉంటే నీరే చోటు తినేస్తుంది. ఏ మట్టికి ఎంత తడి సరిపోతుందో తేల్చే పరీక్షను లాస్ ఏంజెలెస్‌లో డ్యాములు కట్టిన రాల్ఫ్ ప్రాక్టర్ 1933లో ప్రకటించాడు. నేడు ప్రపంచమంతటా రోడ్లు వేసేటప్పుడూ, కట్టలు కట్టేటప్పుడూ ఆ ప్రాక్టర్ పరీక్షనే ఎక్కువగా వాడతారు. ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్‌లో అమెరికా వ్యవసాయ శాఖకు ఒక ప్రయోగశాల ఉంది. అక్కడ నిజమైన కట్టలు కట్టి, వాటి మీదుగా కావాలనే నీరు పొర్లించి ఎలా తెగుతాయో చూస్తారు. ఇసుక పాలు ఎక్కువున్న కట్ట త్వరగా తెగిపోయింది. సరైన తడితో గట్టిపరచిన బంకమట్టి కట్ట గంటల తరబడి నిలిచింది. ఆ గంటలే దిగువ ఊరు ఖాళీ కావడానికి దొరికే సమయం.

కట్టను కాపాడేది ఇసుక

కట్టకు ఇసుక శత్రువని అందరూ అనుకుంటారు. సరైన చోట పెడితే అదే రక్ష. కట్ట లోపల నిలువుగా ఒక ఇసుక పొర వేస్తే నీరు దానిగుండా పోతుంది కానీ మట్టి కణాలు అక్కడే చిక్కుకుంటాయి. చీలికలోంచి మట్టి కొట్టుకొచ్చినా ఆ పొర దగ్గరికి రాగానే పేరుకుని దారి మూసుకుపోతుంది. ఇది 1980ల్లో నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లోని ప్రయోగశాలలో రుజువైంది. అంతకుముందు కట్ట గుండా వెళ్లే పైపు చుట్టూ కాంక్రీటు పట్టీలు కట్టేవారు. వాటి చుట్టూ మట్టిని సరిగ్గా దిమ్మిస కొట్టడం కుదరక అక్కడే లోపం మిగిలేది. ఆ తర్వాత పట్టీలు మానేసి పైపు చుట్టూ ఇసుక పొర వేయడం మొదలుపెట్టారు.

చెట్టు నీడ కట్టకు చేటు

కట్ట మీద చెట్లుంటే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయని చాలామంది నమ్మకం. గడ్డి విషయంలో అది నిజం. చెట్టు విషయంలో కాదు. పెద్ద చెట్టు గాలివానకు కూలితే వేళ్లు పెకిలి కట్టలో పెద్ద గొయ్యి పడుతుంది. చెట్టు చచ్చిపోతే కుళ్లిన వేరు స్థానంలో గొట్టంలాంటి దారి మిగులుతుంది. పైగా తుమ్మ పొదలు పెరిగిన కట్ట మీద పగులూ ఊటా కంటికి కనిపించవు. పందికొక్కులు, ఎలుకలు, ఎండ్రకాయలు చేసే బొరియలదీ ఇదే కథ. అమెరికాలో ఆ పని బీవర్లు, నేల ఉడుతలు చేస్తాయి. కట్టల మీద చెట్ల గురించి ఒకటి, జంతువుల గురించి ఒకటి అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలే ప్రచురించింది. పెద్ద చెట్టును నరికి వదిలేసినా ప్రమాదమే. వేరు తీసి ఆ గొయ్యిని పొరలు పొరలుగా మట్టి నింపి దిమ్మిస కొట్టాలి.

కట్ట నిలిచినా పైపు నిలవదు

1982 జులై 15న కొలరాడో కొండల్లో లాన్ లేక్ అనే మట్టి డ్యాము తెల్లవారుజామున తెగింది. ఎత్తు 8 మీటర్లే. తూము పైపుకూ వాల్వుకూ మధ్య అతుకులో ఉన్న సీసం పాడైపోయి, అక్కడి నుంచి కారిన నీరు కట్టను లోపలే తొలిచేసింది. దిగువన ఉన్న మరో కాంక్రీటు డ్యామునూ ఆ నీరు కూల్చింది. ముగ్గురు చనిపోయారు. ఇంకా ఎందరో పోవలసింది. చెత్త సేకరణకు వచ్చిన ఒక పనివాడు నీటి హోరు విని అక్కడి జాతీయ పార్కు సిబ్బందికి కబురు చేయడంతో చాలామంది బయటపడ్డారు. అందుకే ఇప్పుడు పాత కట్టల తూము పైపుల్లోకి చిన్న కెమెరాను పంపి అతుకులు, తుప్పు చూస్తారు.

ఎండిన కట్టను పరీక్షించడమే కష్టం

ఎప్పుడూ నీరుండే చెరువు తన లోపాన్ని ఊటతో చెబుతుంది. వరదప్పుడు మాత్రమే నిండే కట్టకు ఆ అవకాశం లేదు. అరిజోనా లాంటి ఎండ ప్రాంతాల్లో ఇలాంటి కట్టలు ఆరి అడ్డంగా, నిలువుగా పగుళ్లిచ్చాయి. భూగర్భ జలాన్ని అతిగా తోడటం వల్ల నేల కుంగి అక్కడక్కడ భూమే చీలింది. కొత్త డ్యాము మొదటిసారి నిండేటప్పుడు ప్రమాదం ఎక్కువని ఇంజినీర్లందరికీ తెలుసు. టీటన్ తెగింది మొదటి నింపులోనే. ఎన్నడూ నిండని పాత వరద కట్టకు కట్టి 50 ఏళ్లయినా ఆ మొదటి పరీక్ష ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే పగుళ్లను అడ్డుకునేలా కట్ట మధ్యలో కందకం తవ్వి ఇసుక పొరలు నింపుతున్నారు.

‘వందేళ్ల వరద’ వందేళ్లకొకసారి రాదు

నిరుడు వచ్చింది కాబట్టి ఇక వందేళ్ల దాకా రాదనుకోవడం పొరపాటు. ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దాని అర్థం. 50 ఏళ్ల కాలంలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. మన దేశంలో 1985 నాటి ఐఎస్ 11223 ప్రమాణం ప్రకారం చిన్న డ్యాముల అలుగును వందేళ్ల వరదకు, పెద్దవాటి అలుగును ఊహించగలిగిన గరిష్ఠ వరదకు లెక్కేస్తారు. దిగువన జనం ఎక్కువుంటే చిన్న కట్టకూ ఆ పై లెక్కే వేయడం మంచిది.

ఒకటి తెగితే వరస తెగుతుంది

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని లెక్క తేల్చారు. పై చెరువు గండి నీరు కింది చెరువు మీద పడింది, అది తెగి దాని కిందిదాని మీద పడింది. మన గొలుసుకట్టు చెరువుల గొప్పతనమూ ముప్పూ రెండూ ఇందులోనే ఉన్నాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయినప్పుడు గేట్ల కట్టడం నిలిచే ఉంది. ఎగువన పింఛా ప్రాజెక్టు దగ్గర కూడా కట్ట తెగింది. 2024 జులైలో అశ్వారావుపేట మండలంలోని పెద్దవాగు ప్రాజెక్టుకు పడిన గండీ మట్టి కట్టకే. ఒక్కో కట్టను విడిగా చూసి బాగుందని రాస్తే చాలదు, పై కట్ట తెగితే ఇది తట్టుకుంటుందా అని కూడా అడగాలి.

చట్టం పరిధికి అవతల

2021లో వచ్చిన డ్యాముల భద్రత చట్టం 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యాములకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి పొడవు, నిల్వ, వరద లాంటి కొన్ని షరతులున్నాయి. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి చేసింది. ఇది మంచి చట్టం. కానీ మన ఊరి చెరువుల్లో అధిక భాగం 10 మీటర్లు కూడా ఉండవు. వాటి భద్రత ఎవరు చూస్తారన్నది ఊరు, సాగునీటి శాఖ, పంచాయతీ కలిసి తేల్చుకోవాల్సిన సంగతి. ఒకప్పుడు ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. రోజూ కట్ట మీద నడిచేవాడు. ఆ నడకే మన తాతల నాటి తనిఖీ.

మీ ఊరి కట్ట కోసం

వానలు రాకముందు ఒకసారి కట్ట పొడవునా నడవండి. కట్ట ఎక్కడైనా కుంగిందా, పగులు ఉందా, పాదం దగ్గర తడి కొత్తగా కనిపిస్తోందా, బొరియలున్నాయా, అలుగు దారిలో మట్టి గానీ గోడలు గానీ అడ్డున్నాయా చూడండి. ఫోనుతో ఫొటో తీసి తేదీ వేసి దాచండి. వచ్చే ఏడాది అదే చోట మళ్లీ తీసి పోల్చండి. అలుగు ఎత్తు పెంచి నీరు ఎక్కువ ఆపాలని ఎవరైనా బస్తాలు పేరిస్తే అడ్డుకోండి. అంతకంటే ప్రమాదకరమైన పని లేదు. ఊట బురదగా కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా సాగునీటి శాఖ ఏఈకి, పంచాయతీకి కబురు చేయండి, దిగువ ఇళ్లవాళ్లను లేపండి. మట్టి కట్టల్లో చాలావాటికి తెగేముందు ఏదో ఒక గుర్తు కనిపించింది. చూసే కన్నూ, చెప్పే నోరూ సమయానికి ఉన్నచోట ప్రాణాలు నిలిచాయి. మీ ఊరి కట్టకు ఆ కన్ను మీరే కావాలి.